ఇన్‌సైడ్ లెఫ్ట్ లెస్లీ, లెఫ్టినెంట్ టల్

2023 మార్చి 26న వెంబ్లీలో ఇంగ్లండ్, ఉక్రెయిన్ జట్లు తలపడిన రోజున ఇంగ్లిష్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఒక పాత బాకీ తీర్చింది. దేశం తరఫున ఆడినవాళ్లకు ఇచ్చే క్యాప్‌ను ఒకప్పటి ప్లిమత్ ఆర్గైల్ ఆటగాడు జాక్ లెస్లీ పేరున అతని కుటుంబానికి అందజేసింది. లెస్లీ చనిపోయి అప్పటికే 34 ఏళ్లు దాటింది. జట్టులోకి పిలుపు వచ్చి, అది మాయమై దాదాపు వందేళ్లు కావస్తోంది. ప్లిమత్ ఊరి బయట ఈ పేరు తెలిసినవాళ్లు అంతకు కొద్ది ఏళ్ల ముందు వరకు బహు తక్కువ.

అదే వరుసలో ఇంగ్లండ్ బడి పిల్లలకు కూడా తెలిసిన పేరు ఫుట్‌బాలర్, సైనికాధికారి వాల్టర్ టల్. అతని మీద బీబీసీ 2008లో 'వాల్టర్స్ వార్' అనే నాటకం తీసింది. రాయల్ మింట్ నాణెం, రాయల్ మెయిల్ తపాలా బిళ్ల వచ్చాయి. మైకేల్ మోర్పర్గో పిల్లల కోసం రాసిన 'ఎ మెడల్ ఫర్ లెరాయ్' నవలకు ప్రేరణ ఇతని జీవితమే. నార్తాంప్టన్ మైదానం పక్కన 1999లోనే స్మారకం నిలిపారు.

ఇద్దరినీ ఒకచోట పెట్టి చూడాల్సిన అవసరం ఉంది. ఇద్దరి తల్లులూ ఇంగ్లిష్‌వాళ్లు, తండ్రులు కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్లు. ఇద్దరూ ముందువరుసలో సెంటర్ ఫార్వర్డ్‌కూ వింగర్‌కూ నడుమ ఆడే ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లుగా పేరు తెచ్చుకున్నారు. ఇద్దరి చేతిలోనూ ఆటకు ముందే ఒక వృత్తి ఉంది: టల్‌కు అచ్చుపని, లెస్లీకి బాయిలర్ల పని. ఇద్దరూ తమ క్లబ్బులతో అర్జెంటీనా, ఉరుగ్వేలు తిరిగి వచ్చారు, టల్ 1909లో, లెస్లీ 1924లో. చర్మం రంగు ఇద్దరి దారికీ అడ్డం వచ్చింది. అయినా ఒకరిని ముందుగా, మరొకరిని ఇంత ఆలస్యంగా తలచుకున్నారు. ఫుట్‌బాల్ ఒక్కదాన్నే కొలబద్దగా తీసుకుంటే ఈ వరుస తారుమారు కావాలి. నేను చెప్పదలచుకున్నది అదే.

టల్ కథ మొదటి పుట నుంచే కథలా నడుస్తుంది. 1888 ఏప్రిల్ 28న కెంట్ తీరంలోని ఫోక్‌స్టన్‌లో పుట్టాడు. తండ్రి డేనియల్ బార్బడోస్ నుంచి వచ్చిన వడ్రంగి, తాత బానిసగా బతికినవాడు. ఏడేళ్ల వయసులో తల్లి, తొమ్మిదేళ్లకు తండ్రి పోయారు. ఇంటినిండా పిల్లలున్న సవతి తల్లి అందరినీ సాకలేకపోయింది. 1898లో వాల్టర్‌నూ అతని అన్న ఎడ్వర్డ్‌నూ లండన్ బెత్నల్ గ్రీన్‌లోని మెథడిస్టు అనాథాశ్రమంలో చేర్చారు. అన్నను గ్లాస్గో కుటుంబం ఒకటి దత్తత తీసుకుంది. ఆ అన్న దంతవైద్యుడయ్యాడు. తమ్ముడు ఆశ్రమంలోనే ఉండిపోయి, అచ్చుపని నేర్చుకుంటూ ఆశ్రమం జట్టులో బంతి ఆడాడు.

1908లో క్లాప్టన్ అనే అమెచ్యూర్ క్లబ్బులో చేరాడు. ఆ ఒక్క సీజన్‌లో క్లాప్టన్ ఎఫ్.ఎ. అమెచ్యూర్ కప్పుతో సహా మూడు కప్పులు గెలిచింది. మరుసటి ఏడాదే టాటెన్‌హమ్ హాట్‌స్పర్ అతన్ని తీసుకుంది. స్పర్స్ అప్పుడే మొదటి డివిజన్‌కు ఎదిగిన క్లబ్బు. సొంత మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్‌తో ఆడిన మ్యాచ్‌లో, 30 వేలకు పైగా జనం చూస్తుండగా, టల్‌ను అడ్డగించబోయి ప్రత్యర్థులు పెనాల్టీ ఇచ్చుకున్నారు. కుర్రవాడికి 21 ఏళ్లు.

అక్టోబర్‌లో బ్రిస్టల్ వెళ్లారు. అక్కడ జనంలో ఒక గుంపు అతని రంగును పట్టుకుని నోటికి వచ్చినట్టు తిట్టింది. 'ఫుట్‌బాల్ స్టార్' విలేకరి ఆ తిట్లను గట్టిగా ఖండిస్తూ, మైదానంలో ఉన్న ఫార్వర్డ్‌లందరిలోకీ టల్లే మెరుగ్గా ఆడాడని రాశాడు. ఆ తర్వాత టల్ మొదటి జట్టులో అరుదుగా కనిపించాడు. మొదటి డివిజన్‌లో అతని లెక్క 10 మ్యాచ్‌లు, 2 గోల్స్. మిగిలిన కాలమంతా రిజర్వు జట్టులో గడిచిపోయింది.

ఎందుకు పక్కన పెట్టారు? నిలకడ చాలలేదని కొందరంటారు. జనం గోలకు జడిసి క్లబ్బు వెనక్కి తగ్గిందని మరికొందరంటారు. అమెచ్యూర్ మైదానం నుంచి ఏడాది తిరగకుండా మొదటి డివిజన్‌లోకి దూకిన కుర్రవాడికి ఒడుదొడుకులు సహజమే. కానీ ఒడుదొడుకులున్న కుర్రవాళ్లను క్లబ్బులు ఓపిక పట్టి మళ్లీ మళ్లీ దించుతాయి. అందరికంటే బాగా ఆడాడని పత్రిక రాసిన ఆటగాడికి ఆ ఓపిక దక్కలేదు. నన్ను రెండో వాదన వైపు మొగ్గేలా చేసేది అదే.

1911 అక్టోబర్‌లో టల్‌ను నార్తాంప్టన్ టౌన్ కొనుక్కుంది. అప్పటి మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్. తర్వాతి కాలంలో హడర్స్‌ఫీల్డ్‌నూ ఆర్సెనల్‌నూ ఛాంపియన్లను చేసిన ఆ చాప్‌మనే. అక్కడ టల్ హాఫ్‌బ్యాక్‌గా కుదురుకుని మొదటి జట్టుకు 111 మ్యాచ్‌లు ఆడాడు. నార్తాంప్టన్ ఆడిన సదరన్ లీగ్ స్థాయి తక్కువది కాదు. టల్ సంపూర్ణ ఫుట్‌బాలర్‌గా ఎదిగింది ఇక్కడే. అయినా అతని మీద వచ్చిన కథనాల్లో ఎక్కువ భాగం బ్రిస్టల్ తిట్ల నుంచి ఒక్క గెంతులో యుద్ధంలోకి వెళ్లిపోతాయి. మధ్యనున్న మూడేళ్లు ఒక వాక్యంలో ముగుస్తాయి. ఆట చూపు ఉన్న మేనేజర్ ఒకడు ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌ను వెనక్కి జరిపి హాఫ్‌బ్యాక్‌గా తీర్చిన తీరు మీద ఎవరైనా పది పుటలు రాస్తే బాగుండేది.

యుద్ధం సంగతి అందరూ రాసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. 1914 డిసెంబర్‌లో ఫుట్‌బాలర్ల బెటాలియన్‌గా పేరుపడ్డ 17వ మిడిల్‌సెక్స్‌లో చేరాడు. సార్జెంట్ అయ్యాడు. సోమ్ యుద్ధం చూశాడు. శుద్ధ ఐరోపా సంతతి కానివాళ్లు అధికారులు కాకూడదని ఆనాటి సైనిక న్యాయగ్రంథం చెబుతున్నా, 1917 మే 30న సెకండ్ లెఫ్టినెంట్‌గా నియమితుడయ్యాడు. ఇటలీలో పియావే నది దాటి 26 మందిని తీసుకెళ్లి, అందరినీ ప్రాణాలతో వెనక్కి తెచ్చాడు. అతని ధైర్యాన్ని మేజర్ జనరల్ సిడ్నీ లాఫర్డ్ రాతపూర్వకంగా మెచ్చుకున్నాడు. 1918 మార్చి 25న ఫ్రాన్స్‌లోని ఫావ్రయ్ దగ్గర గుండు తగిలి చనిపోయాడు. 29 ఏళ్లు. దేహం దొరకలేదు. అరాస్ స్మారకం మీద పేరు మాత్రం ఉంది.

ఇక లెస్లీ. 1901 ఆగస్టు 17న లండన్ తూర్పున ఓడరేవుల పక్క పేట కానింగ్ టౌన్‌లో పుట్టాడు. తండ్రి జమైకా నుంచి వచ్చినవాడు. బార్కింగ్ టౌన్ జట్టులో గోల్స్ మీద గోల్స్ కొడుతున్న కుర్రవాణ్ని 1921లో ప్లిమత్ ఆర్గైల్ మేనేజర్ బాబ్ జాక్ చేరదీశాడు. ఆ బాబ్ జాక్ కొడుకు డేవిడ్ జాక్, 1923లో వెంబ్లీలో జరిగిన మొట్టమొదటి కప్ ఫైనల్‌లో మొదటి గోల్ కొట్టిన ఇంగ్లండ్ ఆటగాడు. దేశానికి ఆడేవాడి స్థాయి ఏమిటో ఇంట్లోనే చూసిన మనిషి లెస్లీకి మేనేజర్ అన్నది గుర్తుపెట్టుకోవాలి.

ప్లిమత్ ఇంగ్లండ్ నైరుతి మూల. ప్రతి రెండో వారం ఆటకు వెళ్లాలంటే గంటల తరబడి రైలు ప్రయాణం. పత్రికల కేంద్రమైన లండన్‌కు అది దూరపు ఊరు. పైగా ఆర్గైల్ ఆడేది మూడో డివిజన్ దక్షిణ విభాగం. అక్కడి నుంచి పైకి వెళ్లేది ఒక్క జట్టే, ఛాంపియన్. 1921-22 నుంచి 1926-27 దాకా వరుసగా ఆరు సీజన్లు ఆర్గైల్ రెండో స్థానంలో ఆగిపోయింది. ఆరేళ్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిన ఆ జట్టులో ముందు కుర్రవాడిగా, తర్వాత ప్రధాన ఆటగాడిగా లెస్లీ ఎదిగాడు.

ఎడమ వైపు అతనికి తోడు శామీ బ్లాక్ అనే పొట్టి స్కాట్లండ్ వింగర్. 1924లో వచ్చాడు. ఇద్దరి జోడీ పదేళ్లు నడిచింది. క్లబ్బు చరిత్రలో అత్యధిక గోల్స్ రికార్డు ఈనాటికీ బ్లాక్‌దే, 180కి పైగా. వింగర్ అన్ని గోల్స్ కొట్టగలగడమే పక్కవాడి పనితనానికి సాక్ష్యం. ఇన్‌సైడ్ లెఫ్ట్ చేసే పని చూపరులకు వెంటనే కనబడదు. హాఫ్‌బ్యాక్‌ల నుంచి బంతి అందుకోవడం, ప్రత్యర్థిని తనవైపు లాక్కోవడం, వింగర్ పరుగుకు సరిగ్గా ముందు ఖాళీలోకి బంతి వదలడం, వీలు చిక్కితే తానే గోల్‌లోకి కొట్టడం. ఇవన్నీ చేస్తూ లెస్లీ దాదాపు 400 మ్యాచ్‌లలో 137 గోల్స్ తన ఖాతాలో వేసుకున్నాడు. తర్వాత జట్టుకు కెప్టెన్ కూడా అయ్యాడు. 1929-30లో ఆర్గైల్ ఛాంపియన్‌గా రెండో డివిజన్‌కు వెళ్లింది. 1931-32లో అక్కడ నాలుగో స్థానం సంపాదించింది. ఆ క్లబ్బు అంతకంటే పైకి ఏనాడూ పోలేదు. మూడో డివిజన్‌లో చెల్లిన ఆట పై డివిజన్‌లో చెల్లదన్న అనుమానం ఎవరికైనా ఉంటే, ఆ నాలుగో స్థానమే జవాబు.

1925 శరత్కాలానికి వద్దాం. ఆ వేసవిలోనే ఆఫ్‌సైడ్ నిబంధన మారింది. ముందున్న ఆటగాడికీ గోల్ గీతకూ నడుమ ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలన్న లెక్క ఇద్దరికి తగ్గింది. కొత్త నిబంధనతో దేశమంతటా గోల్స్ పెరిగాయి, ఆర్గైల్ ఆ ఊపులో ముందుంది. అప్పట్లో ఇంగ్లండ్ జట్టుకు మేనేజర్ లేడు. జట్టును ఎంచేది పెద్దమనుషుల కమిటీ. 1946లో వాల్టర్ వింటర్‌బాటమ్ మేనేజర్‌గా వచ్చాక కూడా ఆ ఎంపిక కమిటీ చేతిలోనే ఉంది. అక్టోబర్‌లో బాబ్ జాక్ లెస్లీని పిలిచి ఇంగ్లండ్‌కు ఎంపికయ్యావని చెప్పాడు. పత్రికల్లో పేరు అచ్చయింది. ఊరు ఊరంతా సంబరపడింది. ఇంతలో మాటలు ఆగిపోయాయి. ఎవరూ అతని ముఖం చూసి మాట్లాడలేదు. అడిగితే, ఆ చోటు ఆస్టన్ విల్లా ఆటగాడు బిల్లీ వాకర్‌కు పోయిందన్నారు. అక్టోబర్ 24న బెల్‌ఫాస్ట్‌లో ఐర్లండ్‌తో ఇంగ్లండ్ ఒక్క గోల్ కూడా కొట్టలేక 0-0తో ముగించింది. అదే రోజు ప్లిమత్‌లో ఆర్గైల్ బోర్న్‌మత్‌ను 7-2తో ఓడించింది. అందులో రెండు గోల్స్ లెస్లీవి.

నల్లవాడు కనుక తీసేస్తున్నామని ఏ కమిటీ కాగితం మీదా రాయదు. ముసలితనంలో విలేకరులు అడిగినప్పుడు లెస్లీయే తన మాటల్లో చెప్పాడు: కమిటీ నుంచి వచ్చినవాళ్లు తన ఆట చూడ్డానికి కాదు, తన ముఖం చూడ్డానికి వచ్చారని. అచ్చయిన పేరు, తర్వాత మారిన పేరు, ఆ మనిషి సాక్ష్యం, మూడూ కలిపి చదివితే వేరే వివరణ నిలవదు. మూడో డివిజన్ ఆటగాడు కనుక ఆఖరి క్షణంలో వద్దనుకున్నారేమో అనే వాదన కూడా తేలిపోతుంది. అదే దశకంలో అదే డివిజన్‌లోని మిల్‌వాల్ నుంచి ఇంగ్లండ్‌కు ఆడినవాళ్లు ఉన్నారు. 2023 నాటి గౌరవ క్యాప్‌తో ఫుట్‌బాల్ అసోసియేషనే అన్యాయాన్ని ఒప్పుకుంది.

ఈ ఘట్టం తర్వాత లెస్లీ మరో తొమ్మిదేళ్లు అదే క్లబ్బుకు ఆడాడు. ఇక్కడే అతని మీద రాసేవాళ్లు ఒక మెచ్చుకోలు మాట అలవాటుగా వాడుతున్నారు: చేదు పెట్టుకోలేదు, నవ్వుతూ భరించాడు అని. ఆ మాట నాకు నచ్చదు. భరించినవాడి మంచితనాన్ని పొగిడే కొద్దీ, భరించేలా చేసినవాళ్ల పేర్లు వెనక్కి వెళ్లిపోతాయి. టల్ విషయంలోనూ ఇదే జరిగింది. బ్రిస్టల్ తిట్ల నడుమ అతను ప్రశాంతంగా ఆడాడని ఆనాటి విలేకరి మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు నేటికీ పుస్తకం నుంచి పుస్తకానికి నడుస్తోంది. ఇద్దరిలో ఎవరికైనా కోపం వచ్చే హక్కు ఉందని, వచ్చి ఉంటే అది వాళ్ల ఆటను ఏమాత్రం తగ్గించదని రాసినవాళ్లు తక్కువ.

రెండు కథల మధ్య అసలు తేడా ముగింపులో ఉంది. టల్ 29 ఏళ్లకు యుద్ధభూమిలో పోయాడు. లెస్లీ 87 ఏళ్లు బతికి 1988 నవంబర్‌లో పోయాడు. కంటికి తగిలిన దెబ్బ ఆటను ముగించాక లండన్ తిరిగివచ్చి బాయిలర్ల పనిలోకే చేరాడు. ఆ పని నుంచి తప్పుకున్నాక వెస్ట్ హామ్ క్లబ్బుకు వెళ్లి పని అడిగితే మేనేజర్ రాన్ గ్రీన్‌వుడ్ బూట్ల గదిలో ఉద్యోగం ఇచ్చాడు. బాబీ మూర్, జెఫ్ హర్స్ట్, బెర్ముడా నుంచి వచ్చిన నల్లజాతి ఫార్వర్డ్ క్లైడ్ బెస్ట్, వీళ్లందరి బూట్లూ లెస్లీ శుభ్రం చేశాడు. తమకు బూట్లు అందిస్తున్న పెద్దాయన 137 గోల్స్ కొట్టినవాడని ఆ ఆటగాళ్లలో కొందరికి తెలియనే తెలియదు. అదే గ్రీన్‌వుడ్ ఆ తర్వాత ఇంగ్లండ్ మేనేజర్ అయి, 1978 నవంబర్ 29న చెకొస్లొవేకియాతో మ్యాచ్‌కు వివ్ ఆండర్సన్‌ను దించాడు. సీనియర్ ఇంగ్లండ్ జట్టుకు ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు అతడే. అప్పటికి లెస్లీకి 77 ఏళ్లు. 1925లో కమిటీ తన ఎంపికకు కట్టుబడి ఉంటే, ఆ తలుపు 53 ఏళ్ల ముందే తెరుచుకునేది.

బూట్ల గది ఘట్టాన్ని చాలామంది కన్నీటి ఘట్టంగా రాస్తారు. నేను ఒప్పుకోను. ఆట వదలలేని మనిషి ఇష్టంతో చేసిన కష్టం అది, అందులో చిన్నతనం ఏమీ లేదు. బాయిలర్ల పనిలో దశాబ్దాలు గడిపినవాడికి చేతిపని అంటే తక్కువ చూపు ఉండదు. విచారించాల్సింది అతని పని గురించి కాదు, ఇంత దగ్గరలో ఉన్నవాణ్ని ఆ ఆట ప్రపంచం ఏళ్ల తరబడి ఏమీ అడగకపోవడం గురించి.

టల్ ముందుగా గుర్తింపు పొందడానికి కారణం ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. యుద్ధంలో చనిపోయిన అధికారిని స్మరించుకోవడానికి దేశానికి తేదీలున్నాయి, స్మారకాలున్నాయి, 2014 నుంచి 2018 వరకు సాగిన శతవార్షిక ఉత్సవాలున్నాయి. నాణెం, తపాలా బిళ్ల వచ్చింది ఆ ఏళ్లలోనే. అతన్ని గౌరవించడానికి ఏ సంస్థా తన తప్పు ఒప్పుకోనక్కర లేకపోయింది. ఒప్పుకోవలసిన చోట మాత్రం, అంటే అతనికి మిలిటరీ క్రాస్ ఇవ్వాలని ఉద్యమకారులు అడుగుతున్న చోట, చేతులు ముందుకు రాలేదు. లెస్లీని గౌరవించాలంటే మొదటి అడుగే ఒప్పుకోలు. అందుకే అతని వంతు సంస్థల నుంచి కాక అభిమానుల నుంచి మొదలైంది. గ్రెగ్ ఫాక్స్‌స్మిత్, మాట్ టిల్లర్ అనే ఇద్దరు ఆర్గైల్ అభిమానులు చందాలు మొదలుపెట్టి లక్ష పౌండ్లకు పైగా పోగుచేశారు. 2022 అక్టోబర్ 7న ఆర్గైల్ సొంత మైదానం హోమ్ పార్క్ బయట ఆండీ ఎడ్వర్డ్స్ చెక్కిన విగ్రహం లేచింది. క్యాప్ ఆ తర్వాతే వచ్చింది.

ఇద్దరి మీదా 'మొట్టమొదటి' అన్న బిరుదు రుద్దడం మరో చిక్కు. బ్రిటిష్ సైన్యంలో తొలి నల్లజాతి అధికారి టల్ అని ఏళ్లపాటు రాశారు. ఇప్పుడు చూస్తే జార్జ్ బెమండ్, డేవిడ్ క్లెమెట్సన్ 1915లోనే అధికారులయ్యారు. మొదటి డివిజన్‌లోనూ టల్ కంటే ముందు ఆస్టన్ విల్లాకు విల్లీ క్లార్క్ ఆడాడు. బిరుదు పోయినంత మాత్రాన టల్ విలువ తగ్గదు. కానీ అతని గొప్పతనాన్ని బిరుదు మీదే నిలిపినవాళ్లు, ఆట మీద నిలిపి ఉంటే ఇప్పుడు సర్దుకోవలసిన పని ఉండేది కాదు. లెస్లీకీ ఇదే ప్రమాదం పొంచి ఉంది. ఇంగ్లండ్‌కు ఆడబోయి ఆడలేకపోయిన తొలివాడుగా మాత్రమే అతను మిగిలిపోతే, ఆ కమిటీ తీసేసిన ఒక్క మ్యాచ్ అతను ఆడిన 400 మ్యాచ్‌లను మింగేస్తుంది.

మనిషిగా ఎవరు గొప్ప అని తూచడం నా పని కాదు. ఫుట్‌బాలర్లుగా తూచవచ్చు. టల్ బాగా ఆడాడు, మొదటి డివిజన్‌లో అతన్ని ఎదగనివ్వలేదు, నార్తాంప్టన్‌లో గట్టిపడ్డాడు, యుద్ధం అతని మంచి ఏళ్లను తీసుకెళ్లింది. లెస్లీ పదమూడేళ్లు ఒకే క్లబ్బుకు ఆడి, ఆ క్లబ్బును పై డివిజన్‌కు తీసుకెళ్లి, అక్కడ కూడా నిలబెట్టాడు. గోల్స్ కొట్టాడు, కొట్టించాడు, కెప్టెన్‌గా నడిపించాడు. ఇద్దరిలో పెద్ద ఆటగాడు జాక్ లెస్లీ. ఇకమీదట అతని గురించి రాసేవాళ్లు మొదటి వాక్యంలో 1925 అక్టోబర్ కాకుండా 137 గోల్స్ రాయాలని, టల్ గురించి రాసేవాళ్లు నార్తాంప్టన్‌లో ఆడిన 111 మ్యాచ్‌లకు ఒక అధ్యాయం కేటాయించాలని కోరుతున్నాను.